కరువు ఏడాదిలో తేటగా కనిపించే నది నీళ్లు చెడ్డవి ఎలా అవుతాయి?

ప్రశ్న: కేతేపల్లి సైన్సు ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. మూసీ ప్రాజెక్టుకు దిగువన ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో నేను భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతాను. తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టి అడిగిన ప్రశ్నకు నేను తృప్తిగా జవాబు చెప్పలేకపోయాను కనుక ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సీసాలో శ్రావణంలో వాన వెలిశాక పట్టిన నీళ్లు ఎర్రగా, అడుగున వేలెడు మందం ఒండ్రుతో ఉన్నాయి. రెండోది వానలు మొహం చాటేసిన ఏడాది ఫాల్గుణంలో అదే రేవు దగ్గర పట్టినది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి కిటికీ ఊచలు కనిపించేంత తేటగా ఉంది. "సార్, మురికిని కొట్టుకొచ్చేది వాన కదా, వాన లేనప్పుడు నది శుభ్రపడాలి కదా, మరి ఎండాకాలం నీళ్లే ఒంటికి తగిలితే దురద అని మా అమ్మ ఎందుకు అంటుంది?" అన్నది వాడి ప్రశ్న.

నీళ్లు తగ్గితే మురికి చిక్కబడుతుందని చెప్పాను. వాడు తల ఊపాడు గానీ నాకే అది సగం జవాబుగా తోచింది. మురుగు కలిసే చోటికి ఆ మాట సరిపోతుంది. కానీ మా బంధువుల ఊరు దుందుభి ఒడ్డున ఉంది, అక్కడ పెద్ద పట్టణపు మురుగు ఏదీ కలవదు, అయినా కరువు ఏడాదిలో ఆ వాగు నీళ్లు ఉప్పగా, పప్పు ఉడకని నీళ్లుగా మారుతాయని వాళ్లు చెబుతారు. చేపల సంగతి మరింత విచిత్రంగా ఉంది. రోహిణి కార్తె ఎండలకు తట్టుకున్న చేపలు తొలకరి వాన పడిన మర్నాడు చచ్చి తేలిపోవడాన్ని మా ఊరివాళ్లు ఒకటికి రెండుసార్లు చూశారు. కరువు నది నీటిని నిజంగా ఏం చేస్తుందో తెలిసినవారు వివరంగా చెబితే, పిల్లలకు ఆ మాటే చెబుతాను.

జవాబు: వలిగొండ రైతు

ఉపాధ్యాయులు గారికి నమస్కారం. శాస్త్రం సంగతి పెద్దలు చెబుతారు. నేను మూసీ నీళ్లతో సాగు చేసేవాడిగా ఒక్క విషయం చెప్పదలచుకున్నాను.

కరువు వస్తే నది ఎండుతుందని అందరూ అనుకుంటారు. మా దగ్గర మూసీ ఎండదు. మా తాత కాలంలో వేసవి వస్తే నది ఇసుకలో చెలిమెలు తోడుకొని, ఆ ఊట నీళ్లు తాగేవాళ్లమని ఆయన చెప్పేవారు. ఇప్పుడు చుట్టుపక్కల చెరువులన్నీ నెర్రెలు విచ్చిన ఏడాదిలో కూడా మా కత్వ, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట, మీదుగా నీళ్లు దుంకుతూనే ఉంటాయి. ఆ నీళ్లు అనంతగిరి కొండల నుంచి వచ్చినవి కావు. హైదరాబాదు నగరం కృష్ణ నుంచి, గోదావరి నుంచి, మంజీర నుంచి తెచ్చుకొని వాడి వదిలిన నీళ్లు అవి. మా మీద వాన పడినా పడకపోయినా నగరానికి నీళ్లు అందుతూనే ఉంటాయి కాబట్టి మాకు మురుగు కూడా అందుతూనే ఉంటుంది. కరువు ఏడాదిలో ఆగిపోయేది మంచి నీళ్ల పాలు మాత్రమే.

యాసంగిలో ఆ నీళ్లు పారిన మడికి యూరియా తక్కువ వేసినా వరి నల్లగా, ఏపుగా పెరిగి, చివరికి పడిపోతుంది, తాలు ఎక్కువ వస్తుంది. వరుసగా రెండు కరువు ఏళ్లు వస్తే పొలంలో చౌడు తెల్లగా పైకి తేలుతుంది. వరి మానేసి గడ్డి పెంచుకుంటున్న మా వాళ్లు చాలామంది ఇష్టంతో మానేసినవారు కారు.

జవాబు: నీటి పరీక్షల విశ్రాంత ఉద్యోగి, నల్గొండ

వలిగొండ రైతు గారు చెప్పిన మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ విషయానికి కీలకం అందులోనే ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా నీటి నమూనాలు పరీక్షించాను. కరువు నదిలోకి కొత్తగా మురికిని తెచ్చి పోయదు. ఉన్న మురికిని ఇన్నాళ్లూ పలచన చేసి, మోసుకుపోయి, మన కంటికి కనబడకుండా ఉంచిన నీళ్లను తీసేస్తుంది. మీ విద్యార్థి అడిగినది సరైన ప్రశ్న. వాన కొట్టుకొచ్చే మురికి వేరు, గొట్టం నుంచి, నాలా నుంచి రోజూ పడే మురికి వేరు. వాన లేకపోతే మొదటిది తగ్గుతుంది, అందుకే నీళ్లు తేటబడతాయి. పొలాల మీద నుంచి కొట్టుకొచ్చే ఒండ్రు, పురుగుమందులు, కొన్నిసార్లు ఎరువుల నుంచి వచ్చే నైట్రేటు కూడా కరువులో తక్కువగా కనిపించడం నేను చూశాను. రెండోది మాత్రం వానతో పని లేకుండా పడుతూనే ఉంటుంది.

పిల్లలకు ఈ లెక్క వేసి చూపించండి. పది బిందెల మురుగు ఉందనుకోండి, దాని బీవోడీ, అంటే అందులోని సేంద్రియ మలినాన్ని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి కావలసిన ఆక్సిజను, లీటరుకు 30 మిల్లీగ్రాములు. దానికి 90 బిందెల మంచి నీళ్లు, బీవోడీ 2 ఉన్నవి, కలిస్తే మొత్తం 4.8 అవుతుంది. కరువు వచ్చి మంచి నీళ్లు 10 బిందెలకు పడిపోతే అదే మురుగుతో నది బీవోడీ 16 అవుతుంది. మంచి నీళ్లు పూర్తిగా ఆగిపోతే 30. మురుగు ఒక్క చెంబు కూడా పెరగలేదు. స్నానానికి పనికివచ్చే నదికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు 3 అని గుర్తుపెట్టుకుంటే, ఆ అంకెల బరువు తెలుస్తుంది. మూసీలో మంచి నీళ్ల పాలు మామూలు ఏడాదిలోనే తక్కువ. 1908 వరదల తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాక పైనుంచి వచ్చే నీళ్లు అక్కడే ఆగుతాయి, గేట్లు ఎత్తితేనే కిందికి వస్తాయి. వానలు సరిగా లేని ఏడాదిలో ఆ గేట్లు ఎత్తే అవసరమే రాదు. నగరం వదిలేది మాత్రం రోజుకు వంద కోట్ల లీటర్లకు పైనే.

పలచబడకపోవడం మొదటి దెబ్బ మాత్రమే. తరువాతిది వేడి. లోతు తగ్గి, పారకం మందగించిన నీళ్లు ఎండకు త్వరగా కాగుతాయి. నీళ్లు ఎంత వేడెక్కితే అంత తక్కువ ఆక్సిజనును పట్టుకోగలవు. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.5, 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే కరుగుతుంది. అదే వేడికి సూక్ష్మజీవుల ఆకలి పెరుగుతుంది. గాదెలో గింజలు తగ్గిన వేళకే ఇంట్లో తినేవాళ్లు పెరిగినట్టు ఉంటుంది నది పరిస్థితి.

ఇక తేటదనమే ఒక చిక్కు తెస్తుంది. ఒండ్రు లేని నీళ్లలో ఎండ అడుగు దాకా దిగుతుంది. మురుగులోని నత్రజని, భాస్వరం ఎరువుగా దొరుకుతాయి. నీళ్లు కదలవు. నాచుకు ఇంతకంటే మంచి మడి దొరకదు. పగటిపూట నాచు ఆక్సిజను వదులుతుంది, నీటిలోని బొగ్గుపులుసు వాయువును వాడుకుంటుంది కనుక పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 9 దాకా ఎక్కుతుంది. రాత్రి అదే నాచు ఆక్సిజనును పీల్చుకుంటుంది. అందువల్ల ఒకే మడుగులో మధ్యాహ్నం మూడింటికి పరీక్షిస్తే ఆక్సిజను పుష్కలంగా, తెల్లవారుజామున ఐదింటికి పరీక్షిస్తే దాదాపు సున్నాగా కనిపిస్తుంది. మా ఉద్యోగ కాలంలో నమూనాలన్నీ పగలు పది, నాలుగు గంటల మధ్యే తీసేవాళ్లం. నది ఊపిరాడని వేళలో మేము అక్కడ లేము. ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

పీహెచ్ ఎక్కడం చిన్న సంగతి కాదు. మురుగులోని అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో ఒకటి చేపలకు పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పల గుండా లోపలికి పోయి చంపుతుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే ఆ విషపు రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ 8 ఉంటే ఐదు పాళ్లు అవుతుంది, 9 ఉంటే మూడో వంతు దాటుతుంది. అంటే మొత్తం అమోనియా మారకపోయినా, ఎండ కాసిన మధ్యాహ్నానికి అదే నీళ్లు విషమవుతాయి.

పెద్ద జలాశయాల కథ కొంచెం వేరు. 2023లో కృష్ణకు పైనుంచి వరద సరిగా రాక, 2024 వేసవికి నాగార్జున సాగర్ నీటిమట్టం 510 అడుగుల దరిదాపులకు పడిపోయింది. నిండితే అది 590 అడుగులు. అలాంటి ఏడాదిలో నీళ్లు తోడే చోటు అడుగు బురదకు దగ్గరవుతుంది. వేసవిలో జలాశయపు పై పొర వేడిగా, అడుగు పొర చల్లగా ఉండి రెండూ కలవవు కాబట్టి అడుగున ఆక్సిజను అయిపోతుంది. అప్పుడు బురదలో బందీగా ఉన్న ఇనుము, మాంగనీసు, భాస్వరం కరిగి పైకి వస్తాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. నల్లా నీళ్లలో మట్టి వాసన వస్తోందని వేసవిలో జనం చెప్పే మాటను కొట్టిపారేయకూడదు. నీలి ఆకుపచ్చ నాచు వదిలే పదార్థాన్ని లీటరుకు కొన్ని నానోగ్రాములు ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. ఆ వాసన వల్ల హాని లేదు. కానీ ఆ జాతి నాచుల్లో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని కూడా వదులుతాయి, తాగునీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము. మరిగిస్తే అది పోదు. పచ్చటి రంగు పోసినట్టు తెట్టు కట్టిన నీళ్లను పశువులకు కూడా తాగనివ్వకండి. 1991లో ఆస్ట్రేలియాలోని డార్లింగ్ నదిలో కరువు వేళ ఈ నాచు వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుచుకొని, పశువులు చనిపోయి, అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది.

చౌడు గురించి రైతు గారు రాసినది అక్షరాలా నిజం. మూసీ మీద కత్వలు ఒకదాని తరువాత ఒకటి ఉండటం వల్ల నీళ్లు ఆగి, బురద కిందికి దిగి, ఎండ తగిలి, పైనుంచి దుంకేటప్పుడు గాలి కలిసి, దిగువకు వచ్చేసరికి సేంద్రియ మలినమూ రోగక్రిములూ గణనీయంగా తగ్గుతాయి. ఉప్పు మాత్రం అలా తగ్గదు. దాన్ని తినే సూక్ష్మజీవి లేదు, అది గాలిలో కలవదు. నీళ్లు ఆవిరవుతున్న కొద్దీ అది చిక్కబడుతూనే ఉంటుంది, పొలాల నుంచి తిరిగి నదిలోకి వచ్చే నీళ్లు మరింత ఉప్పును మోసుకొస్తాయి. నీళ్లలో ఉప్పు ఎంత ఉంటే కరెంటు అంత బాగా పారుతుంది, దాన్నే విద్యుద్వాహకత అంటారు. సాగునీటికి కాలుష్య మండలి పెట్టిన హద్దు ఆ కొలతలో సెంటీమీటరుకు 2250 మైక్రోమోలు. ఆ హద్దు లోపల ఉన్నా నీరు సరిగా ఇంకిపోని నల్లరేగడిలో ఏటా అదే నీరు పెడితే చౌడు ఖాయం.

కేతేపల్లి సైన్సు ఉపాధ్యాయుడు

అయ్యా, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞుణ్ణి. బిందెల లెక్క ఈ రోజే నల్లబల్ల మీద వేశాను. రెండు సీసాలు తెచ్చిన పిల్లవాడు వెంటనే "అంటే సార్, కరువులో నది అబద్ధం చెప్పడం మానేస్తుంది" అన్నాడు. తొలకరి వానకు చేపలు చనిపోవడం, దుందుభి నీళ్లు ఉప్పబారడం గురించి ఇంకా ఎవరైనా చెబితే బాగుంటుంది.

జవాబు: వాడపల్లి మత్స్యకారుడు

ఉపాధ్యాయులు గారూ, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట వలలు వేసే కుటుంబం మాది. చేపలు తెల్లవారుజామున నీటి మీదికి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకోవడం మేము ప్రతి గడ్డు వేసవిలోనూ చూస్తాం. విశ్రాంత ఉద్యోగి గారు చెప్పిన ఐదు గంటల లెక్క అదే. ముందుగా రవ్వు, బొచ్చె పోతాయి. కొర్రమట్ట గాలి పీల్చగలదు కాబట్టి చివరిదాకా నిలుస్తుంది.

తొలకరికి జరిగేది ఇది. నెలల తరబడి నాలాల్లో, కత్వల వెనుక, ఎండిన మడుగుల అడుగున పేరుకున్న నల్లటి బురద మొదటి వరదకు ఒక్కసారిగా లేస్తుంది. ఆ నీళ్లు నల్లగా, నురగతో వస్తాయి. ఆ బురద కలిసిన చోట ఆక్సిజను గంటల్లో అయిపోతుంది. అప్పటికే ఎండలకు చిక్కి, మడుగులో ఇరుక్కుపోయి ఉన్న చేపకు తప్పించుకునే దారి ఉండదు. రెండో వాన, మూడో వానకు చేపలు చనిపోవడం మేము చూడలేదు. మొదటిదే ప్రమాదం. అందుకని పెద్దలు "నల్ల నీళ్లు పోయేదాకా వల వేయొద్దు, ఆ చేప తినొద్దు" అనేవారు.

మరొక సంగతి. కృష్ణలో సాగర్ నుంచి నీళ్లు వదులుతున్న రోజుల్లో సంగమం దగ్గర మూసీ నల్ల చార ఒక ఒడ్డుకే అంటుకొని కొంత దూరం వెళ్లి కలిసిపోతుంది. సాగర్ గేట్లు మూసి, విద్యుత్తు తయారీ కూడా ఆగిన కరువు నెలల్లో ఆ చార ఒడ్డుకు పరిమితం కాదు, నది మొత్తం ఆ రంగుకు తిరుగుతుంది. ఇక్కడి నుంచి కిందికి పులిచింతల జలాశయం ఉంది. మూసీ బాగుపడాలన్న మాటను హైదరాబాదు అందం కోసం అనే కోణంలోనే మాట్లాడుతున్నారు. ఆ నీళ్లు ఆఖరికి ఎక్కడికి చేరుతున్నాయో మాట్లాడేవారు తక్కువ.

జవాబు: పాలమూరు భూగర్భ జల విద్యార్థి

ఉపాధ్యాయులు గారికి, దుందుభి గురించి నాకు తెలిసినది రాస్తాను. వాన కురిసిన కాలంలో వాగులో పారేది నేల మీద నుంచి జారిన నీరు. దానికి రాళ్లతో పరిచయం తక్కువ, కనుక ఉప్పులు తక్కువగా ఉంటాయి. వానలు ఆగాక వాగులో మిగిలేది నేల లోపలి నుంచి ఊరే ఊట. మన మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాలు గ్రానైటు రాయి మీద ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీరు గట్టిదనాన్ని (అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలను), ఉప్పులను, ఫ్లోరైడును పీల్చుకొని బయటికి వస్తుంది. అందుకే ఏ మురుగూ కలవకపోయినా కరువు ఏడాదిలో వాగు నీళ్ల రుచి బోరు నీళ్ల రుచికి దగ్గరవుతుంది. పప్పు ఉడకకపోవడం ఆ గట్టిదనం వల్లే. పైగా మిగిలిన మడుగు సగానికి సగం ఆవిరైతే అందులోని ఉప్పు రెట్టింపు చిక్కబడుతుంది.

ఫ్లోరైడు విషయంలో ఇంకో మెలిక ఉంది. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ అందులోని సున్నం గడ్డకట్టి అడుగుకు చేరుతుంది. ఫ్లోరైడును నీటిలోకి రాకుండా పట్టి ఉంచేది ఆ కాల్షియమే. అది తగ్గితే రాతి నుంచి ఫ్లోరైడు మరింత కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సరే అన్నది భారతీయ ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు వైపు బావులు ఆ హద్దును ఎన్ని రెట్లు దాటాయో, వంగిపోయిన వెన్నులతో జీవితమంతా గడిపిన మనుషులను చూసినవారికి చెప్పనవసరం లేదు. పటికతో, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి ప్రపంచమంతటా నల్గొండ పేరే నిలిచింది. కృష్ణ నీళ్లు శుద్ధి చేసి నల్లాల్లో అందించడం మొదలయ్యాక ఆ బాధ చాలా ఊళ్లలో తగ్గింది. కానీ నది మట్టం పడిపోయి నల్లా రెండు రోజులు రాకపోతే జనం మళ్లీ ఆ పాత బోరు దగ్గరికే పోతారు. నది నీళ్ల నాణ్యత మీద కరువు వేసే దెబ్బను లెక్కించేటప్పుడు ఈ బిందె దిశ మారడాన్ని కూడా లెక్కించాలని నా అభిప్రాయం. ఆ నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడు తగ్గదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

జవాబు: నీటి పరీక్షల విశ్రాంత ఉద్యోగి, నల్గొండ

మత్స్యకారుల మాటకు చిన్న చేర్పు. కరువు తరువాతి మొదటి వానలో బురదతో పాటు నైట్రేటు కూడా వస్తుంది. పంట ఎండిపోయిన పొలంలో వేసిన యూరియా మొక్కకు అందక నేలలోనే ఉండిపోయి, వాన పడగానే కరిగి కదులుతుంది. బ్రిటనులో 1976 కరువు ముగిసిన శరదృతువులో నదుల్లో నైట్రేటు ఇలాగే ఎగబాకింది. కరువు కాలంలో అది తక్కువగా ఉందని సంతోషిస్తే, ఆ తరువాతి నెలలో తేరుకోలేం.

ఉపాధ్యాయులు గారు పిల్లల చేత కొలిపించదలిస్తే ఖరీదైన పరికరాలు అక్కరలేదు. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను చూపేది), పీహెచ్ కాగితం, థర్మామీటరు చాలు. ఒకే మడుగులో తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవండి. పెద్దవాళ్లు తోడు లేకుండా పిల్లలను నీళ్లలోకి దింపకండి, చేతులు సబ్బుతో కడిగించండి. అన్నిటికంటే ముఖ్యంగా పారకాన్ని కొలవండి. తిన్నగా ఉన్న చోట పది మీటర్ల దూరానికి ఒడ్డున గుర్తులు పెట్టి, నిమ్మకాయ వదిలి ఎన్ని సెకన్లలో చేరిందో చూడండి. వెడల్పునూ సగటు లోతునూ వేగంతో గుణించి, అందులో 0.85 వంతు తీసుకోండి, ఎందుకంటే పైపొర కంటే లోపలి నీరు మెల్లగా పారుతుంది. ఉప్పు ఎంత ఉందో చెప్పే అంకె పక్కన నీళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పే అంకె లేకపోతే, మురికి పెరిగిందో నీళ్లు తగ్గాయో ఎవరూ తేల్చలేరు. నా పాత రిజిస్టర్లలో మొదటి అంకెలు వేల సంఖ్యలో ఉన్నాయి, రెండో అంకె లేదు.

కేతేపల్లి సైన్సు ఉపాధ్యాయుడు

వచ్చే ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు, మళ్లీ మధ్యాహ్నం మూడింటికి, నలుగురు పిల్లలతో, వారి తండ్రులు ఇద్దరితో రేవుకు వెళ్తున్నాం. రిజిస్టరులో మొదటి గడి పారకానికే గీయించాను. తొలకరి పడేదాకా ప్రతి ఆదివారం, పడిన తరువాత మూడు రోజుల పాటు ప్రతి పూటా కొలిచి ఆ అంకెలు ఇక్కడే రాస్తాం. వలిగొండ, వాడపల్లి నుంచి మీరిద్దరూ అదే రోజు, అదే వేళకు కొలిస్తే ఒకే నీళ్లను మూడు చోట్ల చూసినట్టు అవుతుంది. వీలవుతుందేమో చెప్పగలరు.